దోర్నకల్లు బిషప్ అజరయ్యగారు

కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గమున దోర్నకల్లు ఒక జంక్షను. భద్రాచలము రోడ్డునకు పోవు శాఖ అచ్చటనే చీలును. ఈ చిన్న ఊరి పేరు ఒకప్పుడు ఇంగ్లండు, అమెరికా దేశముల క్రైస్తవులకు సుపరిచితమై యుండెను. అందుకు కారకులు, ఆంగ్లికన్ సంఘమున బిషప్ పదవి నందిన ప్రథమ భారతీయులు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

వీరు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విలై గ్రామమున జన్మించిరి. తండ్రి ఆ ఊరి సంఘగురువు. బాల్యముననే పితృవియోగము కలుగగా తల్లి వీరిని మిక్కిలి క్రమశిక్షణలో పెంచెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టము పుచ్చుకొనలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణదేశమెల్ల సంచరించిరి. 1902లో జాఫ్నాకు పోయి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సువార్తసేవ నడుపుట చూచిరి. మనవారెందులకు పరదేశముల సొమ్ముకై ఎదురుచూడవలెనను ఆలోచన వారిని వదలలేదు. 1903లో తిరునెల్వేలియందు ఇండియన్ మిషనరీ సొసైటీ వెలసినది. 1905లో శ్రీరామపురమున నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపితమైనది. రెండింటి స్థాపనయందును వీరు ముఖ్యులు. మొదటి సొసైటీవారు నిజాము రాజ్యములోని దోర్నకల్లును కార్యక్షేత్రముగా నెన్నుకొనగా, 1909లో గురుపట్టము పొంది తామే అచ్చటికి తరలివచ్చిరి.

1910లో ఎడింబరోయందు ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. విదేశీయ మిషనరీలు భారతీయ సహకారులకు ధనమును, శ్రమను ఇచ్చుచున్నారు గాని, సమానులుగా నెంచి స్నేహము నిచ్చుట లేదని అజరయ్యగారు ఆ సభలో నిర్భయముగా చెప్పిరి. కొందరికి ఆ మాట కష్టముగా తోచెను.

అట్టివారిని బిషప్‌గా నియమింపవలెనని మద్రాసు బిషప్ వైట్‌హెడ్‌గారు పూనుకొనిరి. ఐరోపీయ మిషనరీలలో పలువురు భారతీయుని అధికారమునకు లోబడనొల్లరైరి. స్వదేశీయులలోను ఆక్షేపించినవారు లేకపోలేదు. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రలునందు అభిషేకము జరిగినది. మొదట వారి పాలనలోని ప్రాంతము స్వల్పము. క్రమముగా అది కోస్తా జిల్లాలలోనికి విస్తరించినది. ఆయన తొట్రుపడినచో ఆ లోపము ఒక్క వ్యక్తికి చెందదు. భారతీయులు సంఘపాలనకు తగరనువారికి అది సాక్ష్యమగును. ఈ యెరుకతోనే వారు 32 సంవత్సరములు పనిచేసిరి.

తమిళులయ్యు తెలుగు నేర్చి, తెలుగులోనే బోధించిరి. ఎడ్లబండిమీదను, సైకిలుమీదను పల్లెలు తిరిగిరి. సంఘములో చేరినవారు అధికముగా మాల, మాదిగ పల్లెల పేదలు. వారికి బాప్తిస్మ మిచ్చుటతో పని ముగియలేదు. చదువు చెప్పించుట, త్రాగుడు మాన్పించుట, కులభేదమును దేవాలయములోనికి రానీయకుండుట, ఇవన్నియు బిషప్ నెత్తిన బడిన బాధ్యతలే. వంట చేయునప్పుడు పిడికెడు బియ్యము వేరుగా తీసి సంఘమునకు సమర్పించు అలవాటును వీరు ప్రోత్సహించిరి. అతి పేదవాడును దాత కావలెననియే వారి యభిమతము. ధర్మపత్ని అన్బు మరియమ్మాళ్‌గారు స్త్రీల శిక్షణలో తోడునీడగా నిలిచిరి. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠితమైన దోర్నకల్లు కెథీడ్రలునందు ఆలయ స్తంభముల పోలికయు, మసీదు గుమ్మటముల పోలికయు కలసియున్నవి.

రాజకీయములలో వారి మార్గము సులభము కాలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదనిరి. స్వమతస్థులు దేశప్రజలనుండి వేరుపడరాదని తలచిరి. హరిజనుల మతాంతరీకరణ విషయమున మాత్రము గాంధీమహాత్మునితో 1930ల దశకమున తీవ్రమైన అభిప్రాయభేదము కలిగెను. మహాత్ముని దృష్టిలో ఆ పేదల ఉద్ధరణ హిందూసమాజము తీర్చుకొనవలసిన ఋణము. అజరయ్యగారి దృష్టిలో ఏ మతము స్వీకరించుటయో ఆ పేదలే నిర్ణయించుకొనదగినది. ఇరువురును దేశభక్తులే. ఆ వివాదము ఇప్పటికిని తీరలేదు.

1919లో తరంగంబాడియందు ప్రారంభమైన సంఘైక్య ప్రయత్నమునకు వీరు మూలస్తంభము. 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లులోనే తనువు చాలించిరి. వారు కోరిన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో అవతరించెను. ఆంగ్లికన్ సంఘమున ఒక డయోసీసును పాలించిన భారతీయుడు ఆయన జీవించియున్నంతకాలము మరియొకడు లేడు. తరువాతి వారు పెక్కురు ఆ పీఠముల నధిష్ఠించిరి. అర్హతను గూర్చిన ప్రశ్న వారి నెవ్వరును అడుగలేదు. అజరయ్యగారు ముందే సమాధానము చెప్పియుండిరి.