రిచర్డు ఓల్డ్‌హాం గారి చరిత్రము

మన పాదములనుండి భూకేంద్రమునకు సుమారు 3,960 మైళ్లు. మనుష్యుడు త్రవ్విన మిక్కిలి లోతైన రంధ్రమైనను 8 మైళ్లు దాటలేదు. కంటికందని ఆ చోటును గూర్చి సాక్ష్యము తెచ్చిన ఓల్డ్‌హాం గారి చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1858లో డబ్లిను నగరమున జన్మించిరి. వీరి తండ్రి తామస్ గారు భారత భూగర్భ పరిశోధన శాఖకు మొదటి అధిపతి. 1869 నాటి కాచారు భూకంపమును గూర్చి ఆయన వ్రాయుచుండిన గ్రంథము, 1878లో ఆయన మరణింపగా అసంపూర్ణముగా నిలిచిపోయెను. మరుసటి యేడు కుమారుడు ఆ శాఖలోనే చేరి, పిమ్మట దానిని పూర్తిచేసి ప్రకటించిరి. తండ్రి విడిచిన పనియే కుమారునికి దారి చూపెనని మాకు తోచుచున్నది.

1897 జూన్ 12వ తేదీని అస్సాము దేశము భయంకరముగా కంపించెను. షిల్లాంగులో రాతికట్టడములు నేలగూలెను. సుమారు 1,500 మంది మృతినొందిరి. విచారణభారము ఓల్డ్‌హాం గారిపై పడెను. ఆ కదలికను దూరమందలి ఐరోపా యంత్రములు సహితము గీతలుగా వ్రాసియుంచెను. ఆ గీతలలో మూడు తెగల తరంగములున్నవని వారు గుర్తించిరి: ముందువెనుకలకు నెట్టునవి, ప్రక్కలకు ఊపునవి, నేలపైభాగము వెంబడి పోవునవి.

ఆరోగ్యము చెడి 1903లో కొలువు విడిచిరి గాని, ఆ గీతలను విడువలేదు. భూగోళమునకు ఆవలివైపు చేరవలసిన తరంగములు ఆలస్యమగుట చూచి, భూమి నడుమ వేరొక పదార్థపు గర్భము కలదని 1906లో ప్రకటించిరి. అది ద్రవమని 1926లో జెఫ్రీస్ గారు చూపిరి. ఓల్డ్‌హాం గారు 1936లో కాలధర్మము నొందిరి. ఆ యేడే డెన్మార్కు దేశీయురాలు ఇంగే లేమన్ గారు, ఆ గర్భములో మరియొక గర్భము కలదని ప్రకటించిరి.