సముద్ర వసంతాన్ని లెక్కించిన హరాల్డ్ స్వెర్‌డ్రప్

పెద్దవూర ప్రాంతీయులమైన మనకు సముద్రం దూరం. అయినను నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినపుడు సాగిపోయే కృష్ణమ్మ చివరకు చేరేది బంగాళాఖాతానికే. ఆ సముద్రజలాలలో కంటికి కనబడనంత చిన్న మొక్కలు కోటానుకోట్లు కలవు. వీటినే వృక్ష ప్లవకాలంటారు. చేపల ఆహారానికి మూలం ఇవే. భూగోళంపై జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటిదే. శీతల సముద్రాలలో వసంతం రాగానే ఇవి ఒక్కసారిగా విస్తరించుటకు గల కారణాన్ని గణితరీత్యా వివరించిన మహనీయుడు హరాల్డ్ ఉల్రిక్ స్వెర్‌డ్రప్. ఆయన జీవితాన్ని సోదర విద్యార్థుల ముందుంచుటయే మా ఉద్దేశం.

స్వెర్‌డ్రప్ 1888 నవంబరు 15న నార్వేలోని సోగ్న్‌డాల్‌లో జన్మించారు. వాతావరణ శాస్త్రంలో ప్రసిద్ధుడైన విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ వద్ద శిష్యరికం చేసి 1917లో డాక్టరేటు పొందారు. 1918లో అముండ్‌సెన్ నాయకత్వాన బయలుదేరిన 'మాడ్' నౌకలో ఆయన శాస్త్ర విభాగాధిపతి. 1925 వరకు సాగిన ఆ యాత్రలో నౌక ఉత్తరధ్రువాన్ని చేరలేకపోయింది. కాని గాలి, మంచు, ప్రవాహాలను గూర్చి ఆయన ఓర్పుతో తీసిన కొలతలు శాస్త్రానికి దక్కాయి. మధ్యలో ఒక శీతకాలం రెయిన్‌డీర్లను మేపుకొనే చుక్చీ ప్రజలతో కలిసి జీవించి, వారి జీవన విధానాన్ని కూడా గ్రంథస్థం చేశారు.

1936 నుండి 1948 వరకు ఆయన అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థకు డైరెక్టరు. పిదప స్వదేశం చేరి నార్వే ధ్రువ పరిశోధన సంస్థను నడిపారు. 1953లో ఆయన ప్రకటించిన చిన్న వ్యాసమే మన ప్రస్తుత విషయం.

ఆయన తర్కం రైతు లెక్క వంటిది. మొక్కకు రాబడి వెలుతురు ఉన్న పైనీటిలోనే. శ్వాసక్రియ అనే ఖర్చు మాత్రం రాత్రింబవళ్లు, ఏ లోతులోనైనా తప్పదు. శీతకాలంలో తుఫానులు, చలి కలిసి నీటిని చాలా లోతు వరకు కలియబెడతాయి. మొక్కలు చీకటిలోకి దిగిపోయి, ఖర్చు రాబడిని మించుతుంది. వసంతంలో ఎండకు పైనీరు వేడెక్కి, తేలికై, క్రింది నీటిపై పొరగా నిలుస్తుంది. కలియబెట్టే లోతు ఒక హద్దుకు లోపల ఉన్నప్పుడే రాబడి మిగులుతుంది. ఆ హద్దే సందిగ్ధ లోతు. ఈ ఆలోచనకు గ్రాన్, బ్రారుడ్ అను నార్వే శాస్త్రజ్ఞులు ముందే బీజం వేయగా, స్వెర్‌డ్రప్ దానికి సమీకరణ రూపమిచ్చి, నార్వే సముద్రంలోని వాతావరణ నౌక వద్ద 1949లో తీసిన కొలతలతో సరిచూశారు.

మన తీరం సంగతి వేరు. ఇచట వెలుతురుకు కొదువ లేదు, కొరత పోషక లవణాలదే. స్క్రిప్స్‌లో స్వెర్‌డ్రప్ కాలంలో పనిచేసిన యూజీన్ లాఫాండ్ 1952లో వాల్తేరుకు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయ అధ్యాపకులు, విద్యార్థులతో కలిసి విశాఖ తీరాన్ని పరిశీలించారు. మార్చి, ఏప్రిల్ మాసాలలో తీరం వెంబడి వీచే నైరుతి గాలి, భూభ్రమణ ప్రభావంతో పైనీటిని తీరం నుండి దూరంగా నెడుతుంది. దాని స్థానంలో అడుగునుండి చల్లని, పోషకాలు గల నీరు పైకి వస్తుంది. అప్పుడు ప్లవకాలు వృద్ధి చెందుతాయి. వర్షాకాలం తరువాత నదులు తెచ్చిన మంచినీరు తేలికైన పొరగా నిలిచి, ఈ పోషకాలు పైకి రాకుండా అడ్డుపడుతుంది. చలిదేశాల్లో మేలు చేసిన పొరయే ఇచట ఆటంకమగుట గమనార్హం.

స్వెర్‌డ్రప్ 1957 ఆగస్టు 21న ఓస్లోలో కన్నుమూశారు. 2010లో మైకేల్ బెహ్రెన్‌ఫెల్డ్ ఉపగ్రహ పరిశీలనల ఆధారంగా, ప్లవకాల వృద్ధి శీతకాలంలోనే మొదలవుతుందని వాదించారు. లోతుగా కలిసిన నీటిలో మొక్కలు పలుచబడి, వాటిని తినే జీవులకు సులభంగా దొరకవని ఆయన వివరణ. చర్చ నేటికీ ముగియలేదు. స్వెర్‌డ్రప్ తన లెక్కకు ఆధారమైన ఊహలన్నిటినీ దాచక తెలిపినందువల్లనే తరువాతివారు దానిని ఇంత సూటిగా పరీక్షించగలిగారు. ప్రయోగశాల రికార్డు వ్రాసే విద్యార్థులమైన మనకు ఆయన జీవితం నేర్పే పాఠం ఇదేనని మేము భావిస్తున్నాము.