జూల్స్ వెర్న్

కథలు చదువుట కాలహరణమని తలంచు విద్యార్థులు గలరు. వారికి జూల్స్ వెర్న్ చరిత్రమును వినిపింప గోరుచున్నాము.

ఈయన 1828వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన ఫ్రాన్సు దేశమందలి నాంత్ అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి న్యాయవాది. కుమారుడును ఆ వృత్తినే అవలంబింపవలెనని యాతనిని పారిస్ నగరమునకు బంపెను. వెర్న్ న్యాయశాస్త్రమును ముగించెను గాని, యాతని మనస్సు రచనయందే లగ్నమై యుండెను. జీవనార్థము షేర్ల వ్యాపారమున పనిచేయుచు, గ్రంథాలయమున గూర్చుండి భూగోళ, ఖగోళ, భౌతికశాస్త్ర విషయములను చదివి వ్రాసికొనుచుండెను. ఈ శ్రమయే యాతని కల్పనకు పునాది.

1863లో బెలూనుపై ఆఫ్రికాను దాటు కథ వెలువడి యాతనికి కీర్తి దెచ్చెను. ఆ దినములలోనే భావికాలపు పారిస్‌ను గూర్చి వ్రాసిన నవలను ప్రచురణకర్త హెట్జెల్ నిరాకరించెను. అది 1994 వరకు అచ్చునకు నోచుకొనలేదు. అయినను వెర్న్ కలమును విడువలేదు. 1886లో మతి చలించిన తమ్ముని కుమారుడు తుపాకి కాల్చగా కాలు దెబ్బతిని, యావజ్జీవము కుంటుచు నడచెను. అప్పుడును వ్రాయుట మానలేదు. 1905 మార్చి 24వ తేదీన ఆమియా పట్టణమున మరణించెను.

1865లో ప్రకటించిన నవలలో వెర్న్ మువ్వురు మనుష్యులను ఫ్లోరిడానుండి ఫిరంగి గుండులో చంద్రునివైపు బంపెను. 1968లో అపోలో 8 నిజముగనే మువ్వురితో ఫ్లోరిడానుండి బయలుదేరి చంద్రుని చుట్టి వచ్చెను. అయితే ఫిరంగి యొక్క యాకస్మిక వేగమునకు మనుష్యుడు బ్రతుకజాలడు. రాకెట్టు క్రమముగా వేగమందుకొనును. కల్పన దారి చూపును. లెక్క సరిచూచుట చదువరి పని.

ముందుగా ఏ గ్రంథమును చదువవలెనని మమ్మడుగువారికి, 1872లో వెలువడిన ఎనుబది దినములలో భూప్రదక్షిణమను నవలను జెప్పుదుము. అందు బొంబాయినుండి కలకత్తాకు రైలుప్రయాణము గలదు. తుదను దినముల లెక్కయందొక చిక్కున్నది. దానిని భూగోళ పటము ముందుంచుకొని విప్పుకొనవలెను. పిదప నాటిలస్ అను జలాంతర్గామి కథను, ఆ తరువాతనే రహస్యద్వీపమును చదువవలెను. ఈ వరుస తప్పరాదు. ఏలయన, ఆ నౌకాధిపతియగు నెమో యెవరో రెండవదానిలోనే తెలియును. ఆతడు 1857 తిరుగుబాటులో సర్వమును గోల్పోయిన బుందేల్‌ఖండ్ రాజకుమారుడు!

సముద్రగర్భమున దాగిన ఆ దుఃఖమును మన దేశపు బాలురు చదువకుండుట తగునా? గ్రంథాలయపు తలుపు తెరచియే యున్నది.