వైట్‌ఫీల్డు నిర్మాత డేవిడ్ వైటు

బెంగుళూరునకు తూర్పున నున్న వైట్‌ఫీల్డు పేరు వినినంతనే, తెల్లదొరల పొలములవలన ఆ పేరు వచ్చినదని తలచువారు పెక్కుమంది. నిజమునకు అది యొక వ్యక్తి పేరు. ఆ వ్యక్తిని దొరలు తమవానిగా నెన్నడును లెక్కింపలేదు. 1832లో జన్మించిన డేవిడ్ ఇమాన్యుయేల్ స్టార్కెన్‌బర్గ్ వైటు యూరేషియనుడు. అతడు కొలువు చేసినది మన చెన్నపట్టణముననే, ప్రభుత్వ విద్యాశాఖలో. కావున అతని కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

అతని జాతివారి చరిత్ర తెలిసినగాని అతని పట్టుదల యర్థము కాదు. ఐరోపా తండ్రులకును దేశీయులైన తల్లులకును కలిగిన సంతతిని కుంఫిణీవారు మొదట నాదరించిరి. తమ బలము కుదిరిన పిమ్మట శంకించిరి. 1791లో వారికి కుంఫిణీ కొలువులు నిషిద్ధము లయ్యెను. 1795లో సైన్యమునందు వాద్యగాండ్రు మొదలగు చిన్న పనులకు దక్క వారు తగరనిరి. 1830లో జాన్ విలియం రికెట్సు వారి మొఱను పార్లమెంటునకు వినిపించెను. 1833 నాటి శాసనము జాతినిబట్టి యుద్యోగము నిరాకరింపరాదని చెప్పెను. ఇంగ్లీషు ఇంటిభాష యగుటచే గుమాస్తా పనులును, తంతి, రైలు కొలువులును వారికి దొరకెను. కాని 1857లో విశ్వవిద్యాలయములు వెలసినవి. పట్టభద్రులైన దేశీయులు ఆ కుర్చీలకే పోటీకి వచ్చిరి. వారిలో మన తాతముత్తాతలును గలరు. పైమెట్టున సీమనుండి దిగిన దొరలు, క్రిందినుండి ఎక్కివచ్చు మనవారు. నడుమ చిక్కిన వారికి చోటు నానాటికి తఱుగసాగెను.

ఈ సంకటమునకు మందు వెదకుచు వైటు 1879లో చెన్నపట్టణమున యూరేషియన్, ఆంగ్లో-ఇండియన్ సంఘమును స్థాపించెను. పేరున రెండు మాటలుండుటకు కారణము కలదు. ఆ కాలమున ఆంగ్లో-ఇండియన్ అనగా ఈ దేశమున కాపురమున్న ఇంగ్లీషువాడు. మిశ్రమ సంతతికి ప్రభుత్వము ఆ పేరు నంగీకరించినది 1911లో. సభలు చేసి మహజరులు పంపుట అందఱు నాయకులును చేయు పనియే. వైటు అంతటితో దృప్తినొందలేదు. కొలువు నేడుండును, రేపు పోవును. తనదనుకొనుటకు జానెడు నేలయు, తలదాచుకొన నొక యిల్లును లేని జాతికి గౌరవము నిలువదని యతని నమ్మకము.

అదనుకూడ కలిసివచ్చెను. 1876-78 కాటకమున మైసూరు సంస్థానము లక్షలాది ప్రజలను గోల్పోయియుండెను. 1881 మార్చి 25న రాజ్యాధికారము ఇంగ్లీషువారినుండి చామరాజేంద్ర ఒడయరునకు తిరిగి సంక్రమించెను. మఱుసటి యేట, రంగాచార్లు దివానుగా నున్న దినములలో, మహారాజు మైసూరు, కొడగు సంఘమువారికి 3,900 ఎకరముల భూమి నొసగెను. అచ్చట నేర్పడిన పల్లెలలో ముఖ్యమైనదానికి వైటు పేరు పెట్టిరి.

ఆ యూరి రూపు ఇంగ్లీషు పల్లెను దలపించును. నడుమ గుండ్రని పచ్చికబయలు. దానిని చుట్టి వలయాకారపు బాట. బాటవెంట విశాలమైన దొడ్లలో వరండాలతో పెంకుటిండ్లు. ఇంటిముందు పూలమొక్కలు, వెనుక పండ్లచెట్లు, ఆవల కనుచూపుమేర రాగిచేలు. తామెన్నడును జూడని తండ్రుల దేశమును వారు వినికిడిచే నిట్లు మైసూరు ఎఱ్ఱమంటిపై గట్టుకొనిరి. ఆ యిండ్లలో వేవర్లీ ఇన్ అనునది పేరుపడినది. 1896 మొదలు బెంగుళూరు దండులో చిన్న యధికారిగా నుండిన చర్చిలు అచ్చటికి వచ్చిపోవుచుండెనని యూరివారు చెప్పుకొందురు.

ఇండ్లు నిలిచినవి, సేద్యము నిలువలేదు. వానపై నాధారపడిన మెట్టనేల. జీవితమంతయు కలము పట్టిన చేతులు. పంట చేతికి వచ్చువఱకు తాళుటకు చాలని పెట్టుబడి. పొరుగున కడుగోడి రైతులకు తరతరములుగా దెలిసిన విద్యను క్రొత్తవారు పుస్తకములలో నేర్వజూచిరి. క్రమముగా నది రైతుల యూరుగాక, పింఛనుదారులు విశ్రమించు నూరయ్యెను. ఈ పరిణామమును పూర్తిగా జూడకయే 1889లో వైటు మరణించెను. 1933లో బీహారు అడవులలో మెక్లస్కీగంజును స్థాపించినవారును ఇట్టి కలనే కనిరి. వారికిని ఇదే యనుభవమయ్యెను.

వైటునందు లోపము లేదనజాలము. తనవారిని వేఱుగా నొక పల్లెలో నునుపుటకంటె, పొరుగు రైతులతో గలిసి బ్రతుకు మార్గము చూపియుండినచో మేలయ్యెడిది. ఇల్లు ఎంత ముఖ్యమో, ఆ యింట పొయ్యి వెలిగించు వృత్తియు నంత ముఖ్యము. అయినను, కొలువుకై చేయి చాచుటకంటె నేలపై నిలువుడని తన జాతికి జెప్పిన ధైర్యము సామాన్యము కాదు.

1990ల చివర అచ్చట సాంకేతిక పార్కు వెలసెను. 2023 మార్చిలో మెట్రో రైలు చేరెను. వైటు వెదకిన జీవనోపాధి నూఱేండ్లు గడచిన పిమ్మట, వేఱొక రూపమున, వేఱు జనులకొఱకు వచ్చెను. అది వచ్చుటతో నేల వెల పెరిగెను; వెల పెరుగుటతో తోటలును పెంకుటిండ్లును ఒక్కొక్కటిగా గూలి, వానిచోట మేడలు లేచుచున్నవి. ఆ మేడలలో నివసించు తెలుగువారు అనేకులు. సొంత యింటికై ఊరుగాని యూరికి వెడలినవారికి డేవిడ్ వైటు కోరిక యేమో వేఱుగా జెప్పనక్కఱలేదు. మిగిలిన ఆ కొలది యిండ్లనైన గాపాడుట, ఆ నేలపై నేడు బ్రతుకు వారందఱు అతనికి దీర్పవలసిన ఋణము.