అక్షరక్రీడాప్రియుఁడు లూయిస్ కారల్

ఆలిస్ అను బాలిక కుందేటి కలుగులోఁ బడి యద్భుతలోకమును జూచిన కథను మన విద్యార్థులలోఁ బెక్కురు వినియుందురు. ఆ కథకుఁ గర్తయైన లూయిస్ కారల్ అసలు పేరు చార్లెస్ లట్విజ్ డాడ్సన్. ఈ యింటిపేరును ఆంగ్లమున వ్రాయునపుడు నడుమ జి యను నక్షర ముండును గాని, పలుకుబడిలో నది వినఁబడదు. కొన్ని యక్షరములు వరుస తప్పక యిమిడియున్న యాంగ్లపదమును వెదకి పట్టుట నొక యాటగాఁ జేసి, దానికి నియమము లేర్పఱచినవాఁడు ఈతఁడే.

1832వ సంవత్సరము జనవరి 27వ తేదీని ఇంగ్లండులోని చెషైరు మండలమందలి డార్స్‌బరీ గ్రామమున నీతఁడు జన్మించెను. తండ్రి క్రైస్తవ గురువు. పదునొకండుగురు సంతానములో నీతఁడు మూఁడవవాఁడు; మగబిడ్డలలో జ్యేష్ఠుఁడు. 1843లో తండ్రి యార్కుషైరులోని క్రాఫ్టు గ్రామమునకు మాఱెను. అచ్చటి గురుగృహమునఁ దమ్ములకును జెల్లెండ్రకును ప్రొద్దుపుచ్చు భారము ఈ బాలునిపైఁ బడెను. కీలుబొమ్మల నాడించెను, తోటలో రైలుబండి యాట కల్పించెను, ఇంటివారికొఱకుఁ జేవ్రాత పత్రికలు నడపెను. ఆ పత్రికలలోఁ గడపటి దాని పేరు మిష్‌మాష్. కలగూరగంప యని దాని యర్థము. ఈ పేరును జదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

రిచ్‌మండ్, రగ్బీ పాఠశాలలలోఁ జదివి, 1851 జనవరిలో ఆక్స్‌ఫర్డునందలి క్రైస్ట్ చర్చి కళాశాలలోఁ బ్రవేశించెను. కొలఁది దినములలోనే తల్లి మరణవార్త వచ్చెను. 1854లో గణితమునఁ బ్రథమశ్రేణి నుత్తీర్ణుఁడై, 1855 మొదలు 1881 వఱకు నా కళాశాలలోనే గణితోపన్యాసకుఁడుగాఁ బనిచేసెను. 1861 డిసెంబరులో డీకను పట్టము నొందెను గాని, గురుపట్టము నెన్నఁడును బుచ్చుకొనలేదు.

ఈతనికి నత్తి యుండెను. ఎదుట జనము కూడినపుడు మాట యెక్కడఁ దగులుపడునో యను భయ మాతని విడువలేదు. 1873లోఁ దన వాక్శిక్షకుఁడైన రివర్సునకు వ్రాసిన జాబులో, కకారధ్వని గల మాట యొకటి నోట రాకపోఁగా దాని నక్షరమక్షరముగాఁ జెప్పవలసి వచ్చెననియు, ఇట్లు రెండు మాఱులు జరిగెననియుఁ దెలిపికొనెను. పకారము గల కొన్ని కూడికలును ఆతని నోడించుచుండెను. నాలుక మొరాయించినపుడు అక్షరములే యాతని నాదుకొనె నన్నమాట. నత్తి గల బాలుని నిలువఁబెట్టి తొందరపెట్టు వారు ఈ సంగతి నించుక తలపోయఁదగును.

అక్షరములను గలిపి చెదరఁగొట్టుట యాతనికి వెన్నతోఁ బెట్టిన విద్య. 1856లోఁ గలము పేరు కావలసినపుడు, చార్లెస్ లట్విజ్ అను పదములలోని పదునైదక్షరములను దాఱుమాఱు చేసి ఎడ్గార్ కత్వెల్లిస్ అను పేరు గట్టెను. ఇంకను మూఁడు పేర్లు పంపఁగాఁ, బత్రికాధిపతి యేట్సు లూయిస్ కారల్ అనుదాని నేర్పఱిచెను. 1862 జూలై 4వ తేదీని పడవపైఁ జెప్పిన కథయే 1865లో ఆలిస్ గ్రంథముగా వెలువడెను. అది లోకవిదితము.

1877 క్రిస్మసు కాలమున ఏమియుఁ దోఁపక యున్న యిరువురు బాలికలకొఱకు డబ్లెట్సు అను నాటను గల్పించెను. ఒక పదములో నొక్కొక్క యక్షరమునే మార్చుచు, నడుమ వచ్చునదెల్ల నిజమైన పదమే యగునట్లు, మఱియొక పదమును జేరవలెను. హెడ్ అను తల హీల్, టీల్, టెల్, టాల్ అను మెట్లమీఁదుగా టెయిల్ అను తోఁక యగును. 1879లో నిది వానిటీ ఫెయిర్ పత్రికలోఁ బ్రకటింపఁబడి మిక్కిలి ప్రచారము నొందెను.

1881లో మంత్లీ పాకెట్ అను పత్రికలోఁ బ్రకటించిన యాటకు దన బాల్యపత్రిక పేరైన మిష్‌మాష్ అనుదానినే పెట్టెను. ఒకఁడు రెండు గాని యంతకెక్కువ గాని యక్షరములను బీజముగా నిచ్చును. ఎదుటివాఁడు ఆ యక్షరములు అదే వరుసను, నడుమ వేఱక్షరము చొరకుండ నున్న పదమును జెప్పవలెను. జి, పి యన్నచో మాగ్‌పై. ఇ, ఎమ్, ఓ యన్నచో లెమన్. ఆ పదము జనులు సామాన్యముగా నెఱిఁగినదై యుండవలెను. వ్యక్తుల పేర్లును ఊళ్ల పేర్లును జెల్లవు.

ఇది సులభమని తలఁపవలదు. టి, హెచ్, ఎమ్ అను మూఁటిని దీసికొనుఁడు. అరిత్మెటిక్, లాగరిథమ్, రిథమ్ అను పదములలో నవి కలవు. ఆస్మా యను నుబ్బసమునందును, ఇస్మస్ అను భూసంధియందును గూడఁ గలవు గాని, ఆ రెంటను టి, హెచ్ అనునవి చెవికి వినఁబడవు. తెలుఁగున విన్నట్లు వ్రాయుట కలవాటుపడిన మన పిల్లలకు ఆంగ్లమునఁ జెవి చాలదు, కన్ను కావలెను. ఈ యాటలో వెదకుట యంతయుఁ గంటిపని గనుకనే డాడ్సనుకు నచ్చెనేమో యని నాకుఁ దోఁచుచున్నది. డబ్ల్యు, కె, డబ్ల్యు అను బీజమును విద్యార్థులకు విడుచుచున్నాను. నిఘంటువు తెఱవరాదు.

అంతకుముందే, 1880 డిసెంబరులో, చదరంగపుఁ బలకపై నక్షరములను గదపి పదములు గూర్చు నాట యొకటి యుండిన బాగుండునని దినచర్యలో వ్రాసికొనెను. సిజిజీ యను వేఱొక క్రీడలో, రెండు పదములకు గల సమానాక్షరముల వరుసయే కొలికి. ఆ కొలుకులతో వాల్రస్‌ను పెరూజ్, హార్పర్ అను పదములమీఁదుగాఁ గార్పెంటరు చెంతకుఁ జేర్చెను. దీనిని 1893లోఁ జిన్న పుస్తకముగా నచ్చొత్తించెను.

1898 జనవరి 14వ తేదీని గిల్డ్‌ఫర్డులో, దన యక్కచెల్లెండ్ర యింట, జ్వరము ముదిరి యూపిరితిత్తుల వ్యాధిగా మాఱఁగా, అఱువదియాఱవ యేఁడు నిండుటకు రెండు వారములలోపుననే మరణించెను. ఆ యూరి కొండపై సమాధి చేసిరి. వచ్చిన జాబులను, వ్రాసిన జాబులను 1861 మొదలుకొని యాతఁడు వరుస సంఖ్యలతో నొక పుస్తకమున నెక్కించుచుండెను. అందలి కడపటి సంఖ్య 98,721.