పొగలోని వాయువులకు ఆనవాలు చూపిన జాన్ టిండాల్



మీ అబ్బాయి ఇరవై ఎనిమిదేళ్ల వయసులో చేస్తున్న ఉద్యోగం వదిలేసి, మళ్లీ చదువుకుంటానంటే మీరేమంటారు? ఈ నెల మీకు పరిచయం చేస్తున్న శాస్త్రవేత్త జాన్ టిండాల్ సరిగ్గా ఆ పనే చేశారు.

ఆయన 1820లో ఐర్లండ్‌లోని లీలిన్‌బ్రిడ్జ్‌లో పుట్టారు. తండ్రి పోలీసు కానిస్టేబుల్. సంపాదన అంతంతమాత్రమే అయినా కొడుకు చదువు మాత్రం మధ్యలో మాన్పించలేదు. బడిలో నేర్చిన లెక్కలే 1839లో సర్వే శాఖలో ఉద్యోగం తెచ్చిపెట్టాయి. సిబ్బందికి జరుగుతున్న అన్యాయాన్ని ప్రశ్నించినందుకు ఆ ఉద్యోగం పోయింది. రైల్వే సర్వేలు చేశారు, తర్వాత బడిలో పాఠాలు చెప్పారు. 1848లో దాచుకున్న డబ్బుతో జర్మనీలోని మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో చేరి, రెండేళ్లలో డాక్టరేట్ సాధించారు. 1853లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

ఆయన పేరు నిలిపిన ప్రయోగం 1859లో మొదలైంది. పొడవాటి గొట్టంలో ఒక్కో వాయువునూ నింపి, ఒకవైపు నుంచి వేడి కిరణాలు పంపి, రెండోవైపు ఎంత చేరిందో కొలిచారు. ఆక్సిజన్, నైట్రోజన్ వేడిని దాదాపు అడ్డుకోలేదు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా, ఇథిలీన్ పట్టుకున్నాయి. కంటికి కనిపించని ఆ కిరణాలనే పరారుణ కిరణాలంటాం. ఒక్కో వాయువు తనకంటూ కొన్ని కిరణాలనే మింగుతుందని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. మనిషికి వేలిముద్ర ఎలాగో వాయువుకు అది అలాగ.

1997లో అలాస్కా అడవులు తగలబడినప్పుడు శాస్త్రవేత్తలు విమానంలో ఆ పొగలోకే వెళ్లారు. పొగను ఒక గదిలాంటి పరికరంలోకి తీసుకుని, పరారుణ కిరణాలు పంపి, ఏ వాయువు ఎంత ఉందో లెక్కగట్టారు. అమ్మోనియా, ఇథిలీన్ అందులోనూ ఉన్నాయి. పొగలోకి దూరకుండా పైనుంచే కొలిచే పరికరాలూ ఇప్పుడున్నాయి. అన్నిటికీ మూలం ఆ గొట్టమే.

పొగతో టిండాల్‌కు మరో బంధం కూడా ఉంది. అగ్నిమాపక సిబ్బంది కోసం దూది, గ్లిజరిన్, బొగ్గుతో ముఖానికి తొడుగు తయారుచేసి, పొగ నింపిన గదిలోకి స్వయంగా వెళ్లి పరీక్షించుకున్నారు. 1893లో భార్య పొరపాటున ఒక మందుకు బదులు మరొకటి ఇవ్వడంతో కన్నుమూశారు.

మన పిల్లలు కాస్త వెనకబడ్డారని బెంగ కలిగినప్పుడు ఆ కానిస్టేబుల్ తండ్రిని తలచుకోండి. కొడుకు ఎప్పుడు పైకొస్తాడో ఆయనకూ తెలియదు. బడి మాత్రం మాన్పించలేదు, అంతే.