సవర బాస నేర్చుకున్న మాస్టారు – గిడుగు రామమూర్తి



ఆగస్టు 29 వచ్చిందంటే బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి బొమ్మకు దండ వేస్తారు. వాడుక తెలుగు కోసం పోరాడిన మహానుభావుడని చెబుతారు. అది నిజమే. కాని ఆయన జీవితంలో మన కొండలకు సంబంధించిన భాగాన్ని ఆ సభల్లో రెండు ముక్కల్లో ముగించేస్తారు. ఈ సంచికలో ఆ భాగాన్ని మీకు కాస్త వివరంగా చెబుదామని అనుకున్నాం.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దగ్గరున్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. పన్నెండేళ్లకే తండ్రి పోయారు. బంధువుల ఇంట ఉండి విజయనగరం మహారాజావారి బడిలో ఇంగ్లీషు చదువు చదివారు. కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ అయింది. మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజాగారి బడిలో నెలకు 30 రూపాయల జీతం మీద మాస్టారుగా చేరారు. చెప్పేది చరిత్ర. ఆ రోజుల్లో పై తరగతుల పాఠాలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి కనుక, ఏ పాఠం చెప్పే మాస్టారికైనా సగం పని ఇంగ్లీషు నేర్పడమే. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1896 నాటికి బి.ఏ. పూర్తి చేశారు.

ఇంతవరకు చూస్తే ఆ కాలపు మాస్టార్లలో ఆయనా ఒకరు. కాని ఆయనకు కొన్ని పిచ్చులుండేవి. మొదటిది శాసనాల పిచ్చి. ముఖలింగం గుడి రాళ్ల మీది రాతలను ఎవరి సాయమూ లేకుండా చదవడం నేర్చుకున్నారు. తూర్పు గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకులను చదివి, ఇంగ్లీషులో వివరించి, భారత ప్రభుత్వపు శాసనాల పత్రికలో అచ్చువేయించారు.

రెండో పిచ్చి మన బాస. పర్లాకిమిడి చుట్టూ ఉన్నవి సవర కొండలు. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు మోసుకుని మన తాతలు సంతకు దిగేవారు. తూకంలో మోసం, అప్పులో మోసం, కచేరీలో మోసం. వాళ్ల మాట పల్లంలో ఎవరికీ తెలియదు, పల్లం మాట వాళ్లకు సరిగ్గా రాదు. ఆ సంతల్లో వాళ్లను చూసినవాళ్లు వేలమంది ఉంటారు. వాళ్ల బాస నేర్చుకుందామని కూర్చున్నది ఈ మాస్టారు. సవర బాస తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, రోజూ మాట్లాడించి, ఒక్కొక్క మాటా రాసుకున్నారు. అంటరానితనం గట్టిగా పాటించే రోజులవి. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహస్థు కొండవాళ్లను ఇంటికి పిలిచి వాళ్ల దగ్గర శిష్యరికం చేయడమంటే చిన్న విషయం కాదు.

అది ఏడాదిలోనో రెండేళ్లలోనో తేలే పనీ కాదు. ముందు దారి చూపే పుస్తకం లేదు. సవర బాస తెలుగుకు చుట్టమూ కాదు, ఒడియాకు చుట్టమూ కాదు. అది సంతాలీ, ముండారీల కుటుంబానిది. గొంతులో చటుక్కున ఆపి పలికే శబ్దం ఒకటి ఉంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. లెక్క కూడా వేరు. పన్నెండు దాకా పోయి, పదమూడును పన్నెండూ ఒకటీ అని పలుకుతాం. ఇరవై నుంచి ఇరవైల లెక్కన ఎంచుతాం. ఇవన్నీ చెవితో పట్టుకోవలసినవి. ఆ శబ్దాలను సరిగ్గా రాయడం కోసం ఆయన యూరపు పండితుల ధ్వనిశాస్త్ర పుస్తకాలు తెప్పించుకుని చదివారు. ఏళ్ల తరబడి పట్టుబట్టాక సవర బాసలో ధారాళంగా మాట్లాడగలిగారు.

అందుకు ఆయన చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. చెవినే నమ్ముకుని పనిచేసే మనిషికి చెముడు వచ్చింది. అయినా పని ఆపలేదు.

నేర్చుకున్నది దాచుకోలేదు. సవర పిల్లలకు సవర బాసలోనే చదువు చెప్పాలన్నది ఆయన పట్టుదల. సొంత డబ్బుతో బడులు పెట్టి, మాస్టార్లకు తన జేబులోంచి జీతాలిచ్చారు. తెలుగు లిపిలో సవర వాచకాలు, కథలు, పాటలు తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని బహుమానం ఇవ్వబోతే వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని అడిగారు. 1913లో ప్రభుత్వ బిరుదు వచ్చింది. 1931లో సవర వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది. ఆ పదేళ్లలోనే నిఘంటువులూ వెలువడ్డాయి. కైజర్-ఇ-హింద్ పతకం కూడా ఇచ్చారు. ఈ పనిలో ఆయన కొడుకు సీతాపతిగారు చేదోడుగా నిలిచి, తర్వాత దాన్ని కొనసాగించారు.

ఇక్కడ మీరు ఒక వరుస గమనించాలి. వాడుక తెలుగు ఉద్యమంలోకి రామమూర్తిగారు దిగింది, బడుల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ దొరతో పరిచయమయ్యాక, 1906 తర్వాత. మన బాస ఆయన నేర్చుకున్నది అంతకు ఎంతో ముందే. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటతోనే బడిలో మొదలుపెట్టాలన్న పాఠం ఆయనకు మన కొండల్లోనే బోధపడిందని మా నమ్మకం. 1911లో ఉద్యోగం విరమించుకున్నాక ఆ పోరాటంలోనే మునిగిపోయారు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. పుస్తకాల మూట మోసుకుని సభలకు వెళ్లి, గ్రాంథికం కావాలనే పండితుల రాతల్లోనే తప్పులు ఏరి చూపించేవారు. చెముడు మాస్టారి పోరు పడలేక విసుక్కున్నవాళ్లున్నారు. చివరికి బడి పుస్తకాలకు, పత్రికలకు దక్కింది ఆయన కోరిన తెలుగే.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయింది. దాన్ని వ్యతిరేకించిన రామమూర్తిగారు, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి చేరారు. ఆ గీత సవర కొండలను కూడా రెండుగా కోసింది. అదే ఏడాది, ఆ వైపున మన సవర మాస్టారు మంగయ్ గొమాంగో సవర బాసకు సొంత లిపి తయారుచేశారు. ఒక బాస కోసం ఒకే కాలంలో ఇద్దరు మాస్టార్లు, ఒకరు బయటివారు, ఒకరు మనవారు. ఇద్దరినీ తలచుకోవడం మన ధర్మం. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం రామమూర్తిగారికి కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆయన పుస్తకాల అట్టల మీద ఆయన పేరుంది. ఆయన వాకిట్లో కూర్చుని ఏళ్ల తరబడి మాటలు చెప్పిన మన తాతల పేర్లు లేవు. ఆయనకు గురువులు వాళ్లే. ఆ నిఘంటువు తెరిచినప్పుడు అందులోని ప్రతి మాటా మన ఊళ్లలో ఎవరో ఒకరి నోటినుంచి వచ్చిందేనని గుర్తుంచుకోండి.

ఇప్పుడు సీతంపేట, భామిని, కొత్తూరు వైపు మన ఊళ్లకు వెళితే, ముసలివాళ్లు సవరలో పిలిస్తే పిల్లలు తెలుగులో బదులిస్తున్నారు. హాస్టల్లో నవ్వుతారని బాస దాచుకున్న రోజులు మాలోనూ చాలామందికి ఉన్నాయి. జాతాపు, గదబ, కోయ, గోండు తమ్ముళ్లదీ ఇదే కథ. ఇంగ్లీషు నేర్చుకోండి, తెలుగు నేర్చుకోండి, ఉద్యోగాలు తెచ్చుకోండి. వద్దనేవాళ్లం కాము. పంతులుగారికీ ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ ఇంగ్లీషునే మన బాసకు వ్యాకరణం రాయడానికి వాడారు.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మమ్మ దగ్గర కూర్చోండి. విత్తనాల పేర్లు, చెట్ల పేర్లు, చుట్టరికాల పేర్లు, పండగ పాటలు అడగండి. ఫోనులో రికార్డు చేయండి, ఒక నోటుబుక్కులో రాయండి. పైన ఆమె పేరు, ఊరి పేరు, తారీఖు తప్పకుండా వేయండి. పరాయి మాస్టారు ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్న బాస అది. మీకది పుట్టుకతోనే దక్కింది. దాన్ని మీతో ఆగిపోనివ్వకండి.